కుదురులేని గీత



పళనిలో నెమలికి ఉన్న మర్యాద పిల్లికి లేదు. కొండ మీది దండాయుధపాణికి నెమలి వాహనం. అందుకని ఊళ్లో ఏ గోడ చూసినా, ఏ కొట్టు బోర్డు చూసినా నెమలే కనిపిస్తుంది. కావడి మోసేవాళ్లు కట్టుకొచ్చేవి నెమలి పింఛాలే. పిల్లి మాత్రం కొండ కింది అడివారంలో హోటళ్ల వెనక, పూలకొట్ల బల్లల కింద, ఎవరికీ పట్టకుండా బతికేస్తుంది.

కానీ పిల్లికీ ఈ స్వామితో ఒక చుట్టరికం ఉంది. భారతంలో అరణ్యపర్వం స్కందుడి పుట్టుక చెబుతూ, ఆయన భార్య దేవసేనకున్న పేర్లలో షష్ఠి ఒకటని అంటుంది. ఆ షష్ఠీదేవిని బెంగాలులో పిల్లల్ని కాపాడే తల్లిగా కొలుస్తారు. ఆమె వాహనం పిల్లి. అక్కడి ఆడవాళ్లు ఒక వ్రతకథ చెప్పుకుంటారు. ఒక ఇంటి చిన్నకోడలు దొంగచాటుగా తినేసి, ఆ నేరం పిల్లి మీద వేసేదట. పిల్లికి కడుపు మండి, ఆమె కన్న బిడ్డల్ని ఒక్కొక్కర్నీ ఎత్తుకుపోయి షష్ఠీదేవి ఒడిలో పెట్టేసిందట. కోడలు తప్పు ఒప్పుకుని పిల్లికి మొక్కితే గానీ బిడ్డలు తిరిగి రాలేదు. ఆ లెక్కన పిల్లి మా పళని స్వామికి అత్తగారి వైపు చుట్టం. ఈ సంగతి మా ఊళ్లో ఎవరికీ పట్టింపు లేదు, పిల్లులకు అసలే లేదు.

ఈ పూట నేను మాట్లాడేది బొమ్మల గురించి. అందులోనూ కంప్యూటర్ తెర మీద వేసే బొమ్మల గురించి, అవి ఎందుకు బిగుసుకుపోతాయి, వాటి బిగువు సడలడంలో పిల్లుల పాత్ర ఏమిటి అన్న దాని గురించి. నేను పుస్తకాలకు బొమ్మలు వేసి బతికే మనిషిని. పిల్లల కథలు, వాచకాలు, అప్పుడప్పుడు పత్రికలు. ఇంట్లో పిల్లులు ఉన్నాయి. నేను పెంచుతున్నానని అనను, అవే మా వాకిలి చూసుకుని వచ్చి చేరాయి.

తెలుగువాళ్లకు పళనిలో ఏం పని అని కొందరు అడుగుతారు. విజయనగరం పాలన దక్షిణానికి పాకినప్పుడు, తర్వాత మదుర నాయకుల కాలంలో, ఆంధ్రదేశం నుంచి జనం ఈ నల్లరేగడి నేలలకు వచ్చి స్థిరపడ్డారు. కమ్మవారు, రెడ్లు, బలిజలు, రాజకంబళం వారు, నేతపని చేసే దేవాంగులు. కోయంబత్తూరు నుంచి మదుర దాకా పల్లెపల్లెలోనూ ఆ ఇళ్లు ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో అరవం చదువుతాం. చాలామందికి తెలుగు అక్షరాలు రావు, తెలుగు మాట మాత్రం తాతల నాటి నుంచి నోట్లో అలాగే ఉండిపోయింది. కి. రాజనారాయణన్ ఆ వలస కథనే అరవంలో నవలగా రాసి, దాని కొనసాగింపుకి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నారు. ఆయన జూనియర్ వికటన్ పత్రికలో కరిసల్ నేల, అంటే ఈ నల్లరేగడి నేల, మీద రాసిన వ్యాసాలకు చిత్రకారుడు ఆదిమూలం వేసిన గీతలు చూడవలసినవి. నాలుగు గీతల్లో ఒక ముసలి రైతు కూర్చుని ఉంటాడు. ఆ రైతు మోకాలు ఎక్కడ మొదలయ్యిందో, పంచె ఎక్కడ ముగిసిందో గీత చెప్పదు. మన కన్నే పూరించుకుంటుంది.

నేను పెరిగింది మాత్రం ఇంకో గీత మీద. మా ఇంటికి అంబులిమామ వచ్చేది. చిత్తూరు వైపు చుట్టాలు వస్తే వాళ్ల సంచిలో చందమామ ఉండేది. లిపి వేరు, బొమ్మలు ఒకటే. 1947 జులైలో మదరాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక బొమ్మలు చూసి గీయడం నేర్చుకోని వాళ్లు నా తరంలో తక్కువ. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా వేసిన మనుషులు, శంకర్ వేసిన విక్రముడూ బేతాళుడూ. కత్తి చేతబట్టి, భుజాన శవంతో శ్మశానంలో నడుస్తున్న ఆ రాజు బొమ్మ చూస్తే దేశంలో సగం మందికి చిన్నతనం గుర్తొస్తుంది.

ఆ శంకర్ మా వైపు మనిషి అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన పూర్తి పేరు కె. సి. శివశంకరన్. ఆ ‘కె’ అంటే కారత్తొళువు, ధారాపురం దగ్గరి పల్లె. మా పళనికి పెద్ద దూరం కాదు. 1924లో పుట్టి, చిన్నప్పుడే మదరాసు చేరి, అక్కడి ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చదివి, 1950ల మొదట్లో చందమామలో చేరారు. దశాబ్దాలపాటు అక్కడే వేశారు. 2020లో, 96 ఏళ్ల వయసులో పోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేది, కానీ మన దేశంలో బొమ్మలేసేవాళ్లకు గౌరవం ఎప్పుడూ ఒక బస్సు వెనకే వస్తుంది.

శంకర్ గీత మూసిన గీత. అంటే ఏమిటంటే, మనిషి చుట్టూ గీత మొదలై మళ్లీ మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. నగకు నగ, మడతకు మడత, చెట్టు బెరడుకు బెరడు అన్నీ లెక్కగా ఉంటాయి. ఇది ఆయన ఒక్కడి పద్ధతి కాదు, మా నేల పద్ధతే. మదుర మీనాక్షి గుడిలో ఊంజల్ మంటపం కప్పు మీద రాణి మంగమ్మ మీనాక్షి కల్యాణం చూస్తున్న చిత్రం ఉంది. అందులోనూ అంతే. ముందు గట్టి రేఖ, తర్వాత ఆ రేఖ లోపల నిండుగా రంగు. గుడికి వచ్చిన మనిషి దూరం నుంచి చూసి ఎవరెవరో గుర్తుపట్టాలి కదా. పత్రికకూ అదే అవసరం. నాసిరకం కాగితం మీద, రంగు కాస్త అటూ ఇటూ జరిగినా, గీత గట్టిగా ఉంటే బొమ్మ నిలబడుతుంది. కాబట్టి మూసిన గీతను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. దాన్ని అనుకరించి అన్నం తిన్నదాన్ని.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే బయట ఉన్నవాళ్లు కంప్యూటర్ బొమ్మంటే యంత్రమే వేసి పెడుతుందని అనుకుంటారు. అలా కాదు. ఒక పలక, ఒక పెన్ను. పలక మీద పెన్ను కదిలితే తెర మీద గీత పడుతుంది. గట్టిగా నొక్కితే లావుగా, తేలిగ్గా ఆనిస్తే సన్నగా. పెన్ను ఎక్కడుందో ఆ పలక సెకనుకు వందకు పైగా సార్లు గమనిస్తుంది. ఆ చుక్కల్ని కలిపి గీతగా చూపించేది సాఫ్ట్‌వేర్. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మన చెయ్యి వణుకుతుంది. ముసలివాళ్లదే కాదు, నిండు ఆరోగ్యంతో ఉన్న చెయ్యి కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా అదురుతుంది. కాగితం మీద ఇది పెద్దగా తెలియదు, కాగితానికి గరుకు ఉంటుంది, పెన్సిల్‌ను కాస్త పట్టుకుంటుంది. నున్నటి గాజు మీద ఆ అదురు మొత్తం బయటపడుతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక వసతి పెట్టారు. ఒకరు స్టెబిలైజర్ అంటారు, ఒకరు స్మూతింగ్ అంటారు, ఇంకొకరు స్ట్రీమ్‌లైన్ అంటారు. చుక్కల్ని సగటు తీసి, అదురును మింగేసి, గీతను నున్నగా చేసి ఇవ్వడం దాని పని. మొదటిసారి వాడినప్పుడు ఎవరికైనా కళ్లు మెరుస్తాయి. ఇంత చక్కటి వంపు నా చెయ్యే గీసిందా అనిపిస్తుంది. గీయలేదు. మీరు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ తెగించి లాగారో, ఎక్కడ ఆగి ఆలోచించారో, అవన్నీ అదురుతో పాటే పోయాయి. మిగిలింది నున్నటి తీగ. నాదీ అదే తీగ, హైదరాబాదులో ఇంకొకరిదీ అదే తీగ, జకార్తాలో మరొకరిదీ అదే. ఈ రోజు పిల్లల పుస్తకాలు ఓ పది వరసగా పేర్చి చూడండి. ఎవరు వేశారో పేరు చూస్తే గానీ తెలియదు.

రెండో చిక్కు అన్‌డూ. గీత నచ్చకపోతే రెండు వేళ్లతో తెర మీద ఒక్క తట్టు, పోతుంది. ఇండియన్ ఇంకు రోజుల్లో గీత తప్పితే తెల్లరంగు పూయాలి, లేదా బ్లేడుతో గీకాలి. అందుకని గీత పెట్టేముందు ఊపిరి బిగబట్టి, చేతిని గాల్లో ఒకటి రెండుసార్లు తిప్పుకుని, అప్పుడు లాగేవాళ్లం. ఇప్పుడు ఒకే భుజం గీతను ఇరవై సార్లు గీసి, ఇరవై సార్లు చెరిపి, ఇరవై ఒకటోది ఉంచుకుంటాం. అది మొదటిదాని కంటే మెరుగ్గా ఏమీ ఉండదు. మనం అలిసిపోయామని మాత్రం అందులో తెలుస్తుంది.

మూడోది జూమ్. ఒక కనురెప్ప వెంట్రుకను తెరంతా పెంచుకుని వేస్తాం. మణికట్టు కదులుతుంది, మోచెయ్యి కదలదు, భుజం అసలే కదలదు. నాలుగోది లేయర్లు, వీటిలో నాకు అన్నిటికంటే ప్రమాదంగా తోచేది ఇదే. కింద ఒక పొరలో చిత్తు బొమ్మ వేసి, దాన్ని లేతగా చేసి, పైన ఇంకో పొర పరిచి, సాపు గీత దిద్దుతాం. బొమ్మలేసే వాళ్లను ఎవర్నైనా అడగండి, చిత్తు బొమ్మలో ఉన్న ప్రాణం సాపులోకి రాదని చెబుతారు. రాకపోవడానికి మంత్రమేమీ లేదు. చిత్తు వేసేటప్పుడు మనం పిల్లిని చూస్తున్నాం. సాపు వేసేటప్పుడు మన చిత్తును మనమే చూస్తున్నాం.

ఇప్పుడు పిల్లుల దగ్గరికి వద్దాం.

ఒక నల్లది, దాన్ని కరుప్పి అంటాం. ఒకటి బూడిద రంగు మీద చారలున్నది, చారలోడు. ఇంకొకటి తెలుపు, నలుపు, పసుపు కలిసిన మూడు రంగులది. మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అయి ఉంటుంది, ఆ పసుపు రంగు ఎక్స్ క్రోమోజోమ్ మీద నడుస్తుంది కాబట్టి. నాకు వచ్చే పిల్లల కథల్లో మాత్రం మూడు రంగుల పిల్లి ప్రతిసారీ మగదే, పేరు కూడా రాజా. నేను ఒక రంగు తగ్గించి వేసి పంపుతుంటాను, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. ఇంతకంటే సులువైన మోడల్ ఉంటుందా అనుకుంటాం. కానీ నిద్రపోయే పిల్లిని గీయడం మొదలుపెట్టండి. చెవి పూర్తయ్యేసరికి తల తిరుగుతుంది. వీపు వంపు దిద్దేసరికి కడుపు పైకి వస్తుంది. మనం తదేకంగా చూస్తున్నామని దానికి ఎలాగో తెలుస్తుంది, లేచి పోతుంది. లేచి వెళ్లేటప్పుడు చూడండి. పిల్లికి మెడ కింద ఎముక, కాలర్ బోన్ అంటామే, అది పక్క ఎముకలకు అతుక్కుని ఉండదు. చిన్న ముక్కగా కండరాల మధ్య తేలుతుంటుంది. అందుకే తల దూరిన సందులోంచి ఒళ్లంతా దూరుతుంది. అందుకే నడిచేటప్పుడు భుజాల ఎముకలు ఒకటి తర్వాత ఒకటి వెన్ను కంటే పైకి లేచి మళ్లీ మునుగుతాయి. వెనక పాదం సరిగ్గా ముందు పాదం పడ్డ చోటే పడుతుంది. ఇలాంటి ఒంటికి చుట్టూ మూసిన గీత గీస్తే ఏమవుతుంది? దిండు అవుతుంది. తోక, మీసాలు తగిలిస్తే పిల్లి అని గుర్తుపడతారు, అంతే.

మా అవ్వ ఉన్నప్పుడు నన్ను చూసి అనేది, “ఏమే, పొద్దస్తమానం పిల్లిని చూస్తా కూసోనుండావు, అదేమన్నా నీకు కూలి ఇస్తుందా?” అని. అవ్వ అడిగింది సబబైన ప్రశ్నే. ఎందుకంటే నేను చూస్తున్న సమయంలో ఎక్కువ భాగం చెయ్యి కదిలేది కాదు. చూడాలి, చూడాలి, అది లేవబోతుండగా తెలియాలి, అప్పుడు ఒక్క గీతలో మెడ నుంచి తోక మొదలు దాకా లాగెయ్యాలి. ఆ ఒక్క గీత నిలిస్తే మిగతాది తెలిసిన సంగతే, దేనికీ తొందర లేదు. ఆ గీత పోతే, ఎన్ని వెంట్రుకలు వేసినా లాభం లేదు.

చారలోడు కాలు కదపకుండానే నాకు పాఠాలు చెప్పాడు. చారలున్న పిల్లి ఒంటి మీద ప్రకృతే గీతలు వేసి ఉంచింది. ఆ చారలు ఒంటి వంపును చుట్టి పోతాయి. కాబట్టి చుట్టూ గీత లేకుండా చారలు మాత్రమే సరైన చోట పెడితే ఒళ్లు దానంతట అదే గుండ్రంగా కనిపిస్తుంది. కరుప్పి అందుకు పూర్తిగా ఎదురు. నల్లపిల్లికి లోపల గీతలుండవు, నీడ తెలియదు. ఒక ముద్ద నలుపు, అందులో రెండు కళ్లు. మిట్టమధ్యాహ్నం ఆ కళ్లలో పాప నిలువు గీతగా ఉంటుంది, దీపాల వేళకు పెద్దగా గుండ్రంగా అవుతుంది. కరుప్పిని వేయాలంటే గీత మానేసి పెద్ద కుంచెతో ఒక్క మచ్చ పెట్టాలి. ఆ మచ్చ అంచు సరిగా ఉంటే అది ఒళ్లు విరుచుకుంటోందో, ముడుచుకుని ఉందో తెలిసిపోతుంది. అంటే ఈ రెండు పిల్లులకు రెండు పద్ధతులు కావలసి వచ్చాయి, రెండింటిలోనూ చుట్టుగీత అక్కరలేకపోయింది.

ఈ చిక్కు నాకొక్కదానికే వచ్చింది కాదు. లియొనార్డో డావిన్చి ముసలితనంలో వేసిన ఒక కాగితం ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉంది. కాగితం నిండా పిల్లులే. పోట్లాడేవి, ఒళ్లు నాక్కునేవి, పొంచి ఉండేవి. కొన్నిటికి ఒకే కాలికి రెండు మూడు గీతలు పడి ఉంటాయి, చెరపలేదు. మధ్యలో ఒకటి చూస్తుండగానే డ్రాగన్ అయిపోయింది. జపానులో కునియొషి అనే చిత్రకారుడు, 1861లో పోయాడు, పనిచేసే గదిలోనే బోలెడు పిల్లుల్ని ఉంచుకునేవాడు. పారిస్‌లో స్టైన్లెన్ అనే చిత్రకారుడు 1898లో మాటలు లేకుండా పిల్లి బొమ్మలతోనే కథలు చెప్పే పుస్తకం వేశాడు. ఫ్రాన్సులోనే మారే అనే శాస్త్రవేత్త 1894లో, పైనుంచి వదిలిన పిల్లి గాల్లో ఎలా తిరిగి కాళ్ల మీద పడుతుందో వరస ఫోటోలు తీశాడు. చూసిన పండితులు ఇది అసాధ్యమని వాదించుకున్నారట. పిల్లి మాత్రం కాళ్ల మీదే పడింది.

చిత్రకారుడు డేవిడ్ హాక్నీ సంగతి మరీ దగ్గర. ఆయనవి కుక్కలు, పొట్టికాళ్ల డాక్స్‌హుండ్లు రెండు. 1990లలో వాటిని వేయడానికి ఇల్లంతా అక్కడక్కడా కాగితాలూ రంగులూ సిద్ధంగా పెట్టుకున్నాడు. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ మొదలుపెట్టడమే. తలుపు మీద ఎవరైనా తట్టారో, బొమ్మ అయిపోయినట్టే. ఇదే మనిషి 70 ఏళ్లు దాటాక, 2009లో ఐఫోన్ మీద, మరుసటి ఏడు ఐప్యాడ్ మీద వేలితో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. వాటిలో నున్నటి తీగలుండవు. బొద్దుగా, త్వరత్వరగా, తెల్లవారుజామున కిటికీ దగ్గర పూలు. కుక్కల దగ్గర నేర్చుకున్న చెయ్యే గాజు మీదికి వచ్చిందని నా నమ్మకం. పరికరం కొత్తదైతే గీత బిగుసుకుంటుందన్న మాట నిజం కాదని చెప్పడానికి ఆయన చాలు.

ఇవన్నీ దూరపు సంగతులు అనుకుంటే, మన దేశంలోనే ఒకటి చెబుతాను. పళనిలో, యాత్రికుల మధ్య ఉంటున్నాను కాబట్టి ఇది నాకు చాలా ఇష్టం. 19వ శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర పటువాలనే చిత్రకారులు యాత్రికులకు బొమ్మలు వేసి అమ్మేవాళ్లు. యాత్రికుడు ఆగడు. అతని దగ్గర ఉన్నది కాసిని డబ్బులు. కాబట్టి చవక మిల్లు కాగితం మీద, నీళ్ల రంగులతో, పెద్ద కుంచెతో రెండు మూడు ఊపుల్లో బొమ్మ అయిపోవాలి. ఆ తొందరలోంచి పుట్టింది ఒక వదులు గీత. వాళ్ల బొమ్మల్లో పేరుపడ్డది ఏమిటో తెలుసా? పిల్లి. నుదుట నామం పెట్టుకుని, నోట్లో రొయ్యనో చేపనో కరుచుకున్న దొంగభక్తి పిల్లి. తర్వాత అచ్చుబొమ్మలు కుప్పలుగా వచ్చి ఆ పటువాల కడుపు కొట్టాయి.

ఆ దొంగ సన్యాసి పిల్లి మనకూ పాత స్నేహితురాలే. భారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ఉలూకుడి చేత ధర్మరాజుకు చెప్పించిన ఎత్తిపొడుపు కథలో ఉంది. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవ శిల్పులు సుమారు 30 మీటర్ల బండ మీద చెక్కిన తపస్సు దృశ్యంలో ఒక మూలన ఉంది. ముందుకాళ్లు తల మీదికెత్తి, అచ్చం పైన ఉన్న మునిలాగే నిలబడి ఉంటుంది, చుట్టూ ఎలుకలు. దగ్గరికి వెళ్లి చూడండి. బొచ్చు లేదు, మీసం లేదు. సాగిన పొట్ట, డొక్కలు, ఎత్తిన కాళ్లు. రాతికి అన్‌డూ లేదు కాబట్టి, ఏది అక్కరలేదో ఆ శిల్పి ముందే తేల్చుకున్నాడు.

నేను చేసిన మార్పులు చెప్పుకోదగ్గ పెద్దవి కావు. స్టెబిలైజర్ సున్నా చేశాను. మొదట్లో గీత వంకరపోయి చిరాకేసింది, తర్వాత ఆ వంకరలోనే నా చెయ్యి గుర్తుపట్టగలిగాను. గాజు మీద గరుకు పొర అంటించాను, పెన్ను ములుకు తొందరగా అరిగిపోతుంది, ఆ ఖర్చు భరించాల్సిందే. చిత్తు వేసిన పొరలోనే బొమ్మ ముగిస్తాను. కాగితం మొత్తం కనిపించేటంత దూరంలోనే వేస్తాను, కళ్లు గీయాల్సి వచ్చినా దగ్గరికి లాగను. పెద్ద కుంచె ఒకటి, సన్న కుంచె ఒకటి, అంతకుమించి వాడను. రంగు గీత దాటి పోతే పోనిస్తాను.

కుంచెల గురించి ఒక మాట. ఇప్పుడు వందలకొద్దీ బ్రష్షుల మూటలు అమ్ముతున్నారు. ఎండిన కుంచె, బొగ్గు, క్రేయాన్, నూనె రంగు. వదులుగా వేయాలని ఆశపడే పిల్లలు ముందు వీటినే కొంటారు. బిగుసుకుపోయిన గీత మీద బొగ్గుపొడి చల్లితే అది బొగ్గుపొడి పడ్డ బిగుసు గీతే అవుతుంది. ఇందులో నేను మొహమాటపడను, అది దండగ ఖర్చు.

అలాగే వదులు గీత అంటే అజాగ్రత్త గీత అనుకునేవాళ్లూ ఉన్నారు. ఒక సంపాదకుడు నా బొమ్మలు అందుకుని, “చాలా బాగున్నాయమ్మా, సాపువి ఎప్పుడు పంపుతారు?” అని అడిగారు. నవ్వుకున్నాను గానీ, ఆయన అడగడంలో తప్పు లేదు. మన బాపు గీత చూసి పెరిగినవాళ్లకు కూడా వదులు గీత వెనక ఎంత లెక్క ఉందో తెలియదు. బాపు బొమ్మలో ముంజేతికి గీత ఒకవైపే ఉంటుంది, రెండో వైపు ఖాళీ. ఆ ఖాళీ ఎక్కడ వదలాలో తెలియాలంటే ఎముక ఎక్కడుందో తెలియాలి. పిల్లి విషయంలోనూ అంతే. మోకాలు ఏది, మడమ ఏది తెలియకుండా నాలుగు గీతలు విసిరితే పిల్లి రాదు. వెనక కాలికి పైకి కనిపించే ఆ వెనక్కి విరిగిన మడత మోకాలు కాదు, మడమ. పిల్లి ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుంది. ఇది తెలిసి వదిలేస్తే వదులు, తెలియక వదిలేస్తే తప్పు.

పిల్లులతో పనిచేసేవాళ్లకు ఒక ఉపయోగపడే సంగతి. వేలితో తాకితే పనిచేసే తెరలు పిల్లి పాదానికీ పనిచేస్తాయి, దాని అరికాలి మెత్తలు మన వేలికొసల లాంటివే. రాత్రి బొమ్మ తెరిచి వదిలేస్తే పొద్దున్నకు అందులో కొత్త గీతలుంటాయి. పెన్నుకు మాత్రమే పలికే పలకలైతే ఆ భయం లేదు, పిల్లి దాని మీద పడుకుని నిద్రపోయినా ఏమీ కాదు. పడుకుంటుంది కూడా, యంత్రం వెచ్చగా ఉంటుంది కదా. అప్పుడు పని ఆగిపోతుంది. చేతికి ఏ పాత నోటుబుక్కో అందుకుని, పలక మీద పడుకున్న పిల్లినే వేసుకోవాలి. నా వరకు ఈ బలవంతపు విరామాల్లో వేసినవే బాగా వచ్చాయి. అవ్వకు ఒకసారి అలాంటిదొకటి చూపించాను. ఆరేడు గీతలకంటే ఉండవు. కళ్లద్దాలు పైకెత్తి చూసి, “ఇది మన చారలోడే. లేచి పోయేట్టుండాది, తలుపేసుకో” అంది. పత్రికల్లో వచ్చిన ఏ సమీక్షా నాకు అంత పనికిరాలేదు.

పరికరాల ఖరీదు చూసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మా వైపు పల్లెల్లోనూ, మీ వైపు పల్లెల్లోనూ బాగా గీసే పిల్లలున్నారు, వాళ్లకు ఐప్యాడ్ కొనే స్తోమత లేదు. దానికో దారి ఉంది. క్రీటా అని బొమ్మలేసే సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా ఇవ్వక్కరలేదు, మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. ఫ్రాన్సులో డేవిడ్ రెవా అనే చిత్రకారుడు 2014 నుంచి దానితోనే ఒక బొమ్మల కథ వేస్తున్నాడు. మంత్రాలు నేర్చుకునే ఒక చిన్నపిల్ల, క్యారట్ అనే ఆమె పసుపు పిల్లి. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అనువదించుకోవచ్చు, ఆయన వాడిన మూల ఫైళ్లు కూడా తెరిచి చూసుకోవచ్చు. ఏ పొర మీద ఏం వేశాడో చూస్తే ఒక ఏడాది చదువు. చిన్న పెన్ను పలక ఒకటి సంపాదిస్తే చాలు.

కాబట్టి అమ్మలకూ నాన్నలకూ, బడిపంతుళ్లకూ నా మనవి ఒకటే. ఇంట్లో బొమ్మలు వేసే బిడ్డ ఉంటే, పలక కొనిచ్చే ముందు ఆ స్టెబిలైజర్ ఎక్కడుందో వెతికి సున్నా చేసి ఇవ్వండి. నెట్‌లో చూసి గీయమనకండి. పెరట్లోకి పంపండి, అక్కడ ఏ పిల్లో ఉంటుంది, లేకపోతే కోడి ఉంటుంది. గీసి తెచ్చింది పూర్తికాలేదని, సాపుగా లేదని తిప్పి పంపకండి. గోడకు అంటించండి.